ఐదో నంబరు గంట

చిన్న కథే. రెండు ముక్కల్లో తేలిపోతుంది. మా బావకి చెవుల పరీక్ష ఉండింది, నేను తోడు వెళ్లాను, పరీక్ష గట్టెక్కింది. అంతే. కానీ రెండు ముక్కల్లో చెప్తే ఎవరూ నమ్మడం లేదు కాబట్టి కూర్చుని రాస్తున్నాను. చదువుతూ మధ్యలో నన్ను పిలిచి ప్రశ్నలు వెయ్యకండి. వేసినా జవాబు రాదు. ఎందుకో చివరికొచ్చేసరికి మీకే తెలుస్తుంది.

ముందు బావ సంగతి చెప్పాలి. మా అక్క మొగుడు. రైలు గేటు దగ్గర ఉద్యోగం. రైలొస్తోందని ఫోను మోగితే గేటు వెయ్యాలి, రైలు వెళ్లాక గేటు తియ్యాలి. ముప్పై నాలుగేళ్లుగా అదే పని. మనిషి బంగారం. ఒక్కటే లోపం, ఆరేళ్లుగా చెవులు వినబడవు, వినబడవని చచ్చినా ఒప్పుకోడు. ఎవరేమన్నా తల ఊపి "అదే కదా" అంటాడు. కూరలో ఉప్పెలా ఉందని అక్క అడిగితే "అదే కదా". ఒకసారి వంటింట్లో పొయ్యి పక్కన గుడ్డ అంటుకుని అక్క కేకలు పెడుతుంటే, పేపరు తిరగేస్తూ అప్పుడూ "అదే కదా" అన్నాడట.

మరి రైళ్ల సంగతేమిటని మీరు అడుగుతారు. అందరూ అడుగుతారు. డ్యూటీలో ఉన్నంతసేపూ ఫోను పెట్టె మీద అరచెయ్యి తియ్యడు. మోగితే చేతికి అదురు తెలుస్తుంది. రైలు రెండు మైళ్ల దూరంలో ఉండగానే చెప్పుల్లేని పాదాలకి తెలుస్తుంది. ఇన్నేళ్లలో ఒక్క రైలూ తప్పలేదు, ఒక్క మేకా పోలేదు. అవతలి వాళ్లు చెప్పే మాటకి మాత్రం "అదే కదా" అనేసి పెట్టేస్తాడు. వాళ్లకి సరిపోతోంది.

ఇక నా సంగతి. నేను బట్టలు కుడతాను. మా వీధిలో పాలు పొంగితే ఎవరింట్లో పొంగాయో మిషను తొక్కుతూనే చెప్పగలను. తలుపు చప్పుడుని బట్టి ఎవరి మొగుడు ఏ మూడ్‌లో ఇంటికొచ్చాడో చెప్పగలను. మూడిళ్ల అవతల ఎవరైనా గుసగుసలాడితే అందులో నా పేరుందో లేదో తెలిసిపోతుంది. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. నా చెవులు అలాంటివి, దానికి నేనేం చెయ్యను? నాకు తెలియకుండా ఏదన్నా జరిగిందంటే ఆ రాత్రి నిద్ర పట్టదు. అక్క దీన్ని జబ్బంటుంది.

బావ ఏటా చెవుల పరీక్ష చేయించుకుని, చెవులు బాగున్నాయని ఆఫీసులో కాగితం ఇవ్వాలి. ఆ ఏడు వాయిదా వేసి వేసి ఆఖరి రోజుకి తెచ్చాడు. సాయంత్రం ఐదు లోపల కాగితం అందకపోతే గేటు నుంచి తప్పిస్తారు. గేటు పోతే గేటు పక్కన ఉన్న రెండు గదుల ఇల్లూ పోతుంది. ఇంకో పద్నాలుగు నెలలు ఆగితే రిటైరవుతాడు, ఈలోపు వేరే చోట గూడు చూసుకోవచ్చు. అక్క నా చెయ్యి పట్టుకుని, "నువ్వు తోడెళ్లవే. ఒక్కణ్ణే పంపితే సగం దారిలో వెనక్కొచ్చేస్తాడు" అంది. కళ్లనిండా నీళ్లు. పెళ్లినాడు కూడా అంత ఏడవలేదు.

ఆరేళ్లుగా ఎలా పాసవుతున్నాడని అడగరేం? అది మా ఇంటి రహస్యం. పరీక్ష చేసేది చెప్పుల దుకాణం మీద మేడలో ఉండే ఒకావిడ. మేమంతా ఆవిణ్ణి చెవులమ్మ అంటాం. అక్కడొక గాజు గది ఉంది, ఒక్క మనిషి మాత్రమే పట్టేంత. అందులో కూర్చోబెట్టి చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలిస్తారు. బయట పాతకాలపు కంప్యూటరు కుయ్యిమని శబ్దం పంపుతుంది, వినబడితే బొత్తాం నొక్కాలి. ఆ కంప్యూటరు శబ్దం పంపినప్పుడల్లా దాని మీద ఎర్ర దీపం మిణుకుమంటుంది, ఆ మిణుకు గాజులో కనబడుతుంది. బావకి చూపు అమోఘం.

రెండో భాగం మాటల పరీక్ష. చెవులమ్మ మామగారు బతికుండగా తన గొంతుతో ఇరవై ఐదు మాటలు రికార్డు చేసి పెట్టారు. ఒక్కో మాట వినబడగానే పైకి అనాలి. ఆయన పోయి పన్నెండేళ్లయినా అవే మాటలు, అదే వరస. పాలు, రాయి, గూడు, తాడు, మేక... ఆఖరిది దీపం. మా ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చు. అక్క కూరలు తరుగుతూ పాఠం ఒప్పజెప్పించుకునేది. దీపం మిణుకుమంటే ఒక మాట, మళ్లీ మిణుకుమంటే ఇంకో మాట. అంత తేలిక.

చూశారా, చిన్న కథ అన్నాను, ఇంకా మెట్లు కూడా ఎక్కలేదు.

ఎక్కేసరికి రెండైంది. బయట ముసురు. ఆకాశం దించేసిన షట్టరులా ఉంది. పట్టపగలే మేడ మీద లైటు వేసుకున్నారు. కింద దుకాణంలోని తోలు వాసన, జిగురు వాసన మెట్ల మీదుగా పైకొస్తున్నాయి. గదిలో అడుగు పెట్టగానే వాటి మీద ఇంకో వాసన, వేడెక్కిన దుమ్ము వాసన. కంప్యూటరు మూత విప్పేసి ఉంది. దాని పేగులన్నీ బల్ల మీదున్నాయి.

దాని ముందు ఒకాయన వంగి ఉన్నాడు. ఆయన పాత కంప్యూటర్లు తప్ప కొత్తవి ముట్టుకోడు. చొక్కా జేబులో ఎప్పుడూ గుప్పెడు స్క్రూలుంటాయి, నడిస్తే గజ్జెలు కట్టుకున్నట్టు చప్పుడు. అందుకని ఊరంతా స్క్రూగారంటుంది. పెళ్లిచూపులకీ ఆ జేబుతోనే వెళ్లాడట. పెళ్లి కాలేదు.

చెవులమ్మ మొహం వేలాడేసుకుని ఉంది. "నిన్నటి నుంచీ శబ్దం రావట్లేదండీ. ఇవాళ పరీక్షలు లేవు, రేపు రండి" అంది.

బావ తల ఊపి, "అదే కదా" అని వెళ్లి గాజు గదిలో కూర్చోబోయాడు.

నేను రెక్క పట్టుకుని ఆపి, ఐదు గంటల గడువు సంగతి చెప్పాను. ఇల్లు పోతుందని చెప్పాను. అక్క కన్నీళ్ల గురించి ఉన్నదానికంటే కొంచెం ఎక్కువే చెప్పాను. చెవులమ్మ మెత్తబడి స్క్రూగారి వైపు చూసింది.

"నాలుగున్నరకల్లా మాట్లాడిస్తాను. నా చేతిలో మాట్లాడని పెట్టె లేదు" అన్నాడాయన.

గదిలో మూడు ఇనప స్టూళ్లు, గోడవారగా ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఉన్నాయి. ఆ కుర్చీలో తడిసిన గొడుగు పెట్టి మేం స్టూళ్ల మీద కూర్చున్నాం. గొడుగు సంగతి గుర్తుంచుకోండి.

నేను ఊరికే కూర్చోలేను కదా, స్క్రూగారి నుంచి అంతా రాబట్టాను. శబ్దం పలికించేది సౌండ్ కార్డు అనే పచ్చటి రేకు. మూరెడు పొడుగు. అది కంప్యూటరు భాష మాట్లాడదు, కంప్యూటరుకి దాని భాష రాదు. మధ్యలో దుబాసీలా డ్రైవర్ అని ఒకటుంటుంది, దాన్ని ఫ్లాపీలోంచి లోపలికెక్కించాలి. ఎక్కించడం తేలికే. గొడవంతా గంట దగ్గర.

"గంటేమిటండీ?"

"కార్డుకి పని పడితే కంప్యూటర్ని పిలవాలి కదమ్మా. దానికో తీగ ఉంటుంది, పిలుపు గంట అనుకోండి. గంటలకి నంబర్లుంటాయి. ఏ నంబరు గంట ఎవరిదో మనమే చెప్పాలి. ఒకే గంట ఇద్దరు కొట్టారనుకోండి, ఎవరొచ్చారో దానికి తెలీదు. ఒకరి మాటే వింటుంది. రెండోవాళ్లు మూగ."

"మా తోటికోడళ్ల కాపురంలాగే" అన్నాను. చెవులమ్మ నవ్వింది. ఆ రోజు ఆ గదిలో అదే ఆఖరి నవ్వు.

ఫ్లాపీ మొదటిసారి గరగరమని చదవనంది. స్క్రూగారు దాన్ని చొక్కాకి తుడిచి, నోటితో ఊది, మళ్లీ పెట్టాడు. ఎక్కింది. ఇప్పుడు గంట నంబరు చెప్పాలి. శబ్దం వచ్చేది గాజు గదిలోని హెడ్‌ఫోన్స్‌లోకి, కాబట్టి ఒకరు లోపల కూర్చుని వినబడిందో లేదో చెప్పాలి. బావని కూర్చోబెడితే ఎవరూ నోరు తెరవకముందే "అదే కదా" అంటాడు. నేను కూర్చున్నాను.

ఆ గదిలో ఎప్పుడన్నా కూర్చున్నారా? గోడలకి, కప్పుకి, నేలకి గతుకుల స్పాంజి అంటించి ఉంటుంది. పాత తడి వాసన. తలుపు మూస్తే ప్రపంచం అక్కడితో తెగిపోతుంది. వాన లేదు, వీధి లేదు. ఎదర గాజులో చిన్న చిల్లుల రేకుంది, మన మాట దాంట్లోంచి బయటికెళ్తుంది, అంతే. కాసేపటికి నా గుండె చప్పుడు నాకే వినబడింది. నాకు నచ్చలేదు. గుండె అంత గట్టిగా కొట్టుకోకూడదు.

ముందు ఏడో నంబరు పెట్టాడు. "వినబడిందా?" అని సైగ. లేదన్నాను. ఏడు ప్రింటరు వాడుకుంటోందట. పదో నంబరు పెట్టాడు. తెర బిగుసుకుపోయింది. ఆపి మళ్లీ వెలిగించేసరికి మూడున్నర. ఐదో నంబరు పెట్టాడు. తెర మీద తెల్లటి అక్షరాలు పడ్డాయి. ఆయన భుజాలు దిగిపోవడం గాజులోంచి చూసి బయటికొచ్చాను.

"ఐదో నంబరు ఎవరో వాడుతున్నారంటోంది."

"ఎవరు?"

"అదే తెలీట్లేదు. వాడేవాళ్ల పేరుండాల్సిన చోట ఏమీ లేదు."

ఆయన ప్రింటరు తీగ పీకేశాడు. ఇంకా వాడుతున్నారంది. ఫోను లైను కార్డు పీకాడు. వాడుతున్నారంది. ఇంకో రెండు కార్డులుంటే అవీ పీకి బల్ల మీద వరసగా పెట్టాడు. లోపల గూళ్లన్నీ ఖాళీ. సౌండ్ కార్డు ఒక్కటే మిగిలింది. మళ్లీ వెలిగించాడు.

ఐదో నంబరు వాడుకలో ఉంది.

స్క్రూగారు చొక్కా జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. స్క్రూలు గలగలలాడకుండా ఆపడానికి కాబోలు. "పాత బోర్డులకి ఇలాంటి పిచ్చి ఉంటుందిలెండి" అన్నాడు. ఎవరూ అడక్కుండానే అన్నాడు.

నాలుగు దాటింది. బావ గడియారం వంక, నా వంక మార్చి మార్చి చూస్తున్నాడు. పాపం, ఏం జరుగుతోందో ఏమీ తెలియదు. మా మొహాలు మాత్రం కనబడుతున్నాయి.

తెర ఒక ప్రశ్న వేసింది. స్క్రూగారు దాన్ని మాకు చదివి చెప్పాడు. "ఇప్పుడున్నవాళ్లతో పంచుకుంటారా, అవునా కాదా అంటోంది. నాకు ఇష్టం లేదమ్మా. పంచుకుంటే ఇద్దరిలో ఒకరు మూగబోతారు."

"ఎవరు మూగబోతే మనకెందుకండీ! ఇల్లు పోయేలా ఉందిక్కడ. పంచుకోమనండి" అన్నాను.

ఆయన అవును కొట్టాడు.

నేను మళ్లీ గాజు గదిలోకెళ్లి హెడ్‌ఫోన్స్ తగిలించుకుని తలుపేసుకున్నాను. ఎర్ర దీపం మిణుకుమంది. శబ్దం లేదు. తెర మీద "శబ్దం వినిపించిందా?" అన్న ప్రశ్న పడి ఉంటుంది, స్క్రూగారు నా వైపు చూశాడు.

ఇక్కడ నేను చేసిన పని దాచను. నాకేం వినబడలేదు. కానీ దీపం వెలుగుతోంది. బావకి కావలసింది దీపమే కదా, శబ్దంతో పనేముంది? పైగా, నాకు వినబడలేదని నలుగురి ముందూ ఇంకోసారి ఒప్పుకోవడం... నా చెవుల పరువుంది కదా. బొటనవేలు పైకెత్తి, చిల్లుల రేకు దగ్గర నోరు పెట్టి, "ఆఁ, వినిపించింది" అన్నాను.

ఆయన మీట నొక్కాడు.

అప్పుడు వినబడింది. శబ్దం కాదు. మాట్లాడబోయే ముందు ఎవరైనా ఊపిరి పీల్చుకుంటారు చూశారా, అది. ఎడం చెవిలో. చాలా దగ్గరగా. నేను హెడ్‌ఫోన్స్ తీసేసి బయటికొచ్చేశాను, ఎవరికీ ఏమీ చెప్పలేదు. మా వీధివాళ్లు నమ్మరు గాని, నేనూ కొన్ని సంగతులు చెప్పను.

బావని కూర్చోబెట్టాం. మొదటి భాగం దివ్యంగా జరిగింది. దీపం మిణుకుమనడం, బావ బొత్తాం నొక్కడం. చెవులమ్మ కాగితం మీద టిక్కులు పెట్టుకుంటూ, "ఈ వయసులో ఇలాంటి చెవులు..." అని మెచ్చుకుంది. నేను వినయంగా తల దించుకున్నాను.

మాటల పరీక్ష మొదలైంది. చెవులమ్మ ఇరవై ఐదు మాటల జాబితా ఒళ్లో పెట్టుకుంది.

దీపం మిణుకుమంది. "పాలు" అన్నాడు బావ.

"రాయి."

"గూడు."

"తాడు."

దీపం మళ్లీ మిణుకుమంది. బావ నోరు తెరిచి, ఆగాడు. కనుబొమలు ముడిపడ్డాయి. తల కొంచెం పక్కకి వాల్చాడు. ఆరేళ్లలో బావ అలా తల వాల్చి వినడం నేను చూడలేదు.

"కిటికీ" అన్నాడు.

ఐదో మాట మేక. అంత ఒప్పజెప్పించుకున్నా మర్చిపోయాడు, అయిపోయింది, ఇల్లు పోయినట్టే అనుకున్నాను. చెవులమ్మ వెనక నిలబడి, చేతులు నెత్తిన పెట్టి మేక కొమ్ముల్లా చూపించాను. బావ నా వంక చూడ్డం లేదు. దీపం వంకా చూడ్డం లేదు. కళ్లు మూసుకుని ఉన్నాడు.

"వాన" అన్నాడు. "మెట్లు. తలుపు. గొడుగు."

చెవులమ్మ పెన్ను ఆగిపోయింది. "ఇవి మా మామగారి మాటలు కావు" అంది మెల్లగా. "ఇవి ఆయన రికార్డు చెయ్యలేదు."

"కుర్చీ."

బావ గొంతు అది కాదు. అంటే గొంతు బావదే. వెనకాల ఎవరో చదువుతుంటే అప్పజెప్తున్న పిల్లాడి గొంతులా, ఎత్తూ పల్లం లేకుండా ఉంది.

"మనిషి" అన్నాడు.

దీపం మిణుకు.

"మనిషి."

"మనిషి."

"మనిషి."

స్క్రూగారు, చెవులమ్మ, బావ, నేను. నలుగురం. నాకు తెలియకుండానే వేళ్లు మడిచాను.

దీపం మళ్లీ మిణుకుమంది.

"మనిషి" అన్నాడు బావ.

వాన చప్పుడు ఎప్పుడాగిందో తెలియదు. అప్పుడు స్క్రూగారి నోట్లోంచి సన్నగా ఒక మాట వచ్చింది, ఎవరికో వినబడకూడదన్నట్టు.

"అమ్మా... ఇటు చూడండి."

ఆయన చేతిలో నల్లటి తీగ ఉంది. హెడ్‌ఫోన్స్ తీగ. దాని ఇత్తడి కొన కంప్యూటరులో గుచ్చి లేదు, ఆయన రెండు వేళ్ల మధ్య ఉంది.

"కార్డులు పీకేటప్పుడు తీశాను... మళ్లీ పెట్టడం మర్చిపోయాను" అని గుసగుసలాడాడు. "అప్పట్నుంచీ ఇది ఊడే ఉంది."

"మరి బావకి..."

"ఆయన సంగతి తర్వాత." స్క్రూగారు నా కళ్లలోకి చూశాడు. "మీకేం వినిపించింది?"

నేను ఎడం చెవి మీద చెయ్యి వేసుకున్నాను.

"చెవి" అన్నాడు బావ గాజు వెనక నుంచి. "మంచి చెవి."

స్క్రూగారు ఒక్క ఉదుటున లేచి గోడకున్న ప్లగ్గు లాగేశాడు. తెర నల్లబడింది. లోపల తిరుగుతున్న ఫ్యాను నెమ్మదించి... నెమ్మదించి... ఆగింది. జేబులోంచి నాలుగు స్క్రూలు నేల మీద పడి దొర్లాయి.

ఎర్ర దీపం మిణుకుమంది.

బావ కళ్లు తెరిచాడు. నా వైపు కాదు, నా పక్కకి, గోడవారకి చూశాడు. చూస్తూ అడిగాడు. "వినిపించిందా?"

ఎందుకన్నానో నాకు తెలియదు. భయపడితే మనిషి నోటికి అలవాటైన మాటే వస్తుంది. ఎవరు వినిపించిందా అని అడిగినా లేదనడం నాకు అలవాటు లేదు.

"ఆఁ, వినిపించింది" అన్నాను.

దీపం ఆరిపోయింది.

బావ హెడ్‌ఫోన్స్ తీసి, తలుపు తోసుకుని బయటికొచ్చాడు. మామూలు బావే. అలిసిపోయినట్టున్నాడు. అందరి మొహాలూ చూసి, "ఏమైంది, తప్పానా?" అన్నాడు. మళ్లీ చెవి రిక్కించి, "ఎవరో మెట్లెక్కుతున్నారు. కాళ్లకి చెప్పుల్లేవు" అన్నాడు.

మాకెవరికీ ఏ చప్పుడూ వినబడలేదు. అర నిమిషం తర్వాత చెప్పుల దుకాణం ఆయన ఉత్త కాళ్లతో గుమ్మంలోకొచ్చి, కింద కరెంటు పోయింది, మీకూ పోయిందా అని అడిగాడు.

చెవులమ్మ ఆయన పాదాలకేసి చూసింది, బావకేసి చూసింది. కాగితం మీద సంతకం చేసి ఇచ్చేసింది. ఆవిణ్ణి తప్పుపట్టడానికి లేదు. ఆ నిమిషాన బావకి చెవులు వినబడతాయి, అందులో అబద్ధం ఏమీ లేదు.

బయల్దేరబోతూ గొడుగు కోసం చూశాను. అది కుర్చీలో లేదు. కుర్చీ పక్కన నేల మీద ఉంది, గోడకి ఆనించి, ముడిచి, పట్టీ పెట్టి. నేను పట్టీ పెట్టలేదు. ఎవరూ తీయలేదని ముగ్గురూ చెప్పారు. బయట వాన పడుతూనే ఉంది, అయినా ఆ గొడుగు అక్కడే వదిలేసి తడుస్తూ వెళ్లాం. ఐదుకి ఏడు నిమిషాలుందనగా ఆఫీసులో కాగితం ఇచ్చాం.

గేటు నిలిచింది. ఇల్లు నిలిచింది. అక్క ఆ రాత్రి రెండు చేతులతో నా మొహం పట్టుకుని ముద్దు పెట్టుకుంది. మర్నాడే బావ, ముప్పై ఏళ్ల కాపురంలో మొదటిసారి, అక్క గురక పెడుతుందని ఫిర్యాదు చేశాడు. ఇప్పుడు ఫోను మోగకముందే రైలు వినబడుతుందట. "అదే కదా" అనడం మానేశాడు. ఇంట్లో ఎవరేమనుకున్నా వినబడుతుండేసరికి కాస్త ముభావంగా కూడా తయారయ్యాడు.

నాకు మూడో రోజు మిషను చప్పుడు పోయింది. కుట్టు పడుతోంది, చప్పుడు లేదు. ఆరో రోజు పాలు పొంగి నా పొయ్యే ఆరిపోయింది, నాకు తెలియలేదు. తొమ్మిదో రోజు ఎదురింటివాళ్లు వాకిట్లోనే పోట్లాడుకుంటుంటే వాళ్ల నోళ్లు ఊరికే తెరుచుకుని మూసుకున్నాయి. అంత మంచి గొడవలో ఒక్క మాట కూడా అందలేదు. రెండు చెవులూ పోయాయి. అందుకే రాస్తున్నాను, అందుకే ప్రశ్నలు వెయ్యొద్దన్నాను. నాతో ఏమన్నా చెప్పాలంటే పలక మీద రాసి చూపించాలి.

చెవులమ్మ పెద్ద ఊళ్లో డాక్టరుకి చూపించమంది. ఆయన చెవుల్లో లోపమేమీ లేదని రాసిచ్చాడు. స్క్రూగారు ఆ కంప్యూటర్ని తన కొట్టుకి తీసుకెళ్లి నెల రోజులు కుస్తీ పట్టాడు. ఒకరోజు మా ఇంటికొచ్చి, కూర్చోకుండా, పలక అందుకుని ఒకే ఒక్క ముక్క రాసి వెళ్లిపోయాడు.

"ఐదో నంబరు ఇప్పుడు ఖాళీగా ఉంది."

ఆ తర్వాత కొన్నాళ్లకి మా ఇంటికొచ్చిన బావ నా పక్కన కూర్చుని అన్నం తింటూ, ముద్ద నోటి దగ్గరే ఆపేశాడు. మెల్లగా వంగి నా ఎడం చెవి దగ్గర చెవి పెట్టాడు. లేచి చెయ్యి కడుక్కుని పలక మీద రాశాడు. "నీ చెవిలో ఎవరో చదువుతున్నారే."

నాకేం వినబడదు. బావకి వినబడుతుంది. నెలకి రెండు మాటలు, అంతకంటే ఎక్కువ రావు. వచ్చినప్పుడల్లా రాసి చూపిస్తాడు. ఇవి పాత మాటలు కావు. మిషను, దారం, కత్తెర, అద్దం... అన్నీ నా గదిలో ఉన్నవే. నేను వరస నంబర్లు వేసి ఒక కాగితం మీద రాసుకుంటున్నాను. చెవులమ్మ జాబితాలోలాగే ఇరవై ఐదుకి ఆగుతాయని నా లెక్క. ఇరవై మూడోది మంచం.

ఇరవై నాలుగోది నిన్న సాయంత్రం, అక్కా బావా మా ఇంట్లో ఉండగా వచ్చింది. బావ పలక మీద రాశాడు, తనే చదువుకున్నాడు, నాకు చూపించకుండా తుడిచేశాడు. అక్క నా గదిలోకెళ్లి, మంచం పక్కన ఎప్పుడూ ఉండే కుర్చీ తీసుకెళ్లి వీధిలో పెట్టేసింది. ఎందుకని అడిగితే ఇద్దరూ పలక ముట్టుకోలేదు.

పొద్దున్న లేచేసరికి కుర్చీ మంచం పక్కనే ఉంది. దాని మీద నా గొడుగు ఉంది. ముడిచి, పట్టీ పెట్టి.